ఎవరి చేతి విత్తనం

ఆలూరులో బీరాలు పలికేవాళ్లకు కొదవ లేదు. హోటలు ముందు బెంచీ మీద కూర్చుంటే చాలు, చేవెళ్ల రాజకీయమంతా తమ జేబులోనే ఉన్నట్టు పలుకుతారు. బీరకాయ పలకాలంటే మాత్రం కృష్ణమ్మ పందిరి కిందికే రావాలి. తీగ మీదే ఎండి, తొడిమ దాకా గోధుమరంగు తిరిగిన కాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల గింజలు గలగలమంటాయి. అది పలికిన కాయ. పలకని కాయను ఇంకొన్నాళ్లు తీగకే వదిలేయాలి. మనుషుల్లో పలికేవాళ్లంతా పండినవాళ్లు కారు గానీ, బీరకాయల్లో మాత్రం ఆ లెక్క తప్పదు.

ఆ సాయంత్రం కృష్ణమ్మ ఒక్కొక్క కాయనే పలకరించుకుంటూ పోతోంది. ఊపడం, వినడం, పలికినదాని తొడిమకు ఎర్ర పేలిక కట్టడం. రోజూ ఈ వేళకు పక్కచేను ప్రమీలమ్మ కూడా ఉండేది. ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు మొదలుపెట్టి, నడుమ కలిసేసరికి ఊళ్లో వాళ్ల ముచ్చట్లన్నీ అయిపోయేవి. ఇవాళ ప్రమీలమ్మ రాలేదు. మోకాలు నొస్తోందని మధ్యాహ్నమే చెప్పింది.

అది పొట్టి బీర. జానెడు పొడుగు, మందపాటి తోలు, బొద్దు నడుము. పట్నం కూరగాయల కొట్లో పెడితే ఎవరూ తిరిగి చూడరు. ఆ తొక్కతో తొక్కు నూరి జొన్నరొట్టెలో పెడితే మాత్రం తిన్నవాళ్లు తిరిగి తిరిగి వస్తారు. పోయినేడు వానలకు ఏ ఊళ్లో చూసినా కాయంతా కుళ్లిపోయి విత్తనం గుప్పెడు మిగిలింది. ఆ గుప్పెడూ తొలకరికి నేలలో పెట్టింది కృష్ణమ్మ. డబ్బాలో మిగిలింది డబ్బానే.

మూడెకరాల్లో ఒకే పంట వేస్తే ఒకే మంట అని ఆమె సిద్ధాంతం. అందుకని బంతి, టమాట, పాలకూర, చుట్టూ కంది, కొట్టంలో రెండు బర్రెలు. బంతి పైసలు తెస్తుంది, టమాట తిట్లు తెస్తుంది, బర్రెలు పెంట తెస్తాయి. బీర తెచ్చేది పేరు. చేవెళ్ల, మొయినాబాద్ చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు కలిసి నడుపుకునే విత్తనాల సంఘంలో దాన్ని పొట్టి బీర అని ఎవరూ అనరు. ‘కృష్ణమ్మ బీర’ అంటారు. ఆదివారం వాళ్లంతా విత్తనానికి వస్తున్నారు.

పొద్దు వాలింది. లోకమంతా దుకాణం కట్టేసే వేళకు బీరపువ్వు దుకాణం తెరుస్తుంది. పంట చివరికొచ్చింది గనుక పందిరి మీద అక్కడొకటి ఇక్కడొకటి పచ్చగా విచ్చుకున్నాయి. తేనెటీగలు వచ్చాయి. రెండు చుట్లు తిరిగాయి. ఉన్న నాలుగు పూలూ చూసుకుని గెట్టు దాటి వెళ్లిపోయాయి.

కృష్ణమ్మ చేతిలో పేలిక అట్లాగే ఉండిపోయింది. గెట్టుకు అవతల ప్రమీలమ్మ వాళ్ల జొన్న. మనిషెత్తు దాటి నిలబడ్డ జొన్న. కంకుల్లో గింజ గట్టిపడింది. పిచ్చుక పోతే అర్థముంది, చిలుక పోతే అర్థముంది. ఈ వేళప్పుడు గింజ గట్టిపడ్డ జొన్నలో తేనెటీగకు ఏం పని?

ఇంకోటి పోయింది. దాని వెనక ఇంకోటి. ఒకే దారి. ఇన్నాళ్లూ తన పందిరి నిండా పూలుండేవి, ఈగలు ఇక్కడే ఉండిపోయేవి. తన దగ్గర పూలు తరిగాక గానీ వాటికి ఇంకో చుట్టం ఇల్లుందని తెలియలేదు.

కొంగు బొడ్లో దోపుకుని గెట్టు దిగింది. జొన్నాకులు రెండు వైపులా మోచేతుల మీద గీరుతున్నాయి. కొంత దూరం పోయాక ముందర వెలుతురు కనిపించింది. జొన్న నడుమ ఖాళీ చేసిన జాగా. ఇనుప తీగలతో కట్టిన పందిరి. దాని నిండా పూలు. పూల కింద మూరెడేసి పొడుగున, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు, నున్నని హైబ్రిడ్ బీరకాయలు.

ఆ కాయల కింద, గంప నడుముకు ఆనించుకుని ప్రమీలమ్మ.

కాయను ఎడమచేత్తో కొంచెం మెలితిప్పి, కుడిచేత్తో కత్తెర పెట్టి, తొడిమ అంగుళం ఉంచి కోస్తోంది. తోలుకు గీత పడకుండా గంపలో పడుకోబెడుతోంది. అట్లా కోయడం ఆమెకు నేర్పింది కృష్ణమ్మే. మోకాలు ఏ ఇబ్బందీ పెడుతున్నట్టు లేదు. మునివేళ్ల మీద లేచి పై తీగ అందుకుంది కూడా.

పిలవడానికి కృష్ణమ్మ నోరు తెరిచింది. తొలకరికి ఇదే ప్రమీల గెట్టు మీద నిలబడి, “ఈ యేడు మా దిక్కు బీర పెట్టమక్కా, నువ్వు నిమ్మలంగ ఇత్తనం చేస్కో” అని మట్టి ముట్టి చెప్పింది. బీర పుప్పొడి ఈగ కాళ్లకు అంటుకుని ఎంత దూరమైనా పోయి, ఇంకో బీర విత్తనంలో కలిసిపోతుంది. అందుకే విత్తనానికి వేసినవాళ్లు చుట్టుపక్కల చేన్లవాళ్లను మాట అడుగుతారు. కాగితం ఉండదు, సంతకం ఉండదు. మాటే కంచె. అవతల గెట్టు ఫామ్‌హౌస్ తాతారావు సారుది. ఆయన గడ్డి తప్ప ఏమీ పెంచడు. ఆ గడ్డినీ బర్రెలను మేయనియ్యడు. ఆయన దిక్కునుంచి ఏ ఫికరూ లేదు. ఇక ఉన్నది ప్రమీల ఒక్కతే. ప్రమీల గురించి ఫికర్ పడటమేమిటి?

తెరిచిన నోరు మూసుకుని, ఆకు చప్పుడు కాకుండా వెనక్కి వచ్చేసింది.

*

తెల్లారి కృష్ణమ్మ భర్త జ్ఞానేశ్వర్ ట్రాలీ ఆటోలో బంతిపూల మూటలు సర్దుతున్నాడు. మాట పడేస్తే నలుగురు నవ్వాలి, లేకపోతే ఆయనకు ఆ పూట అన్నం అరగదు.

“దసరా ముంగట బంతి, దసరా ఎల్లినంక బంతాట,” అన్నాడు మూట ఎత్తుతూ. “మార్కెట్ల ఆ సేటు తంతడు, ఈ సేటు తంతడు. దీపావళి దాంక మనకు గిదే ఆట.”

ఆమె నవ్వలేదు. రాత్రి కూడా ఏమీ చెప్పలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. మూట ఒకటి పక్కకు ఒరుగుతుంటే ఆనించడానికి టార్పాలిన్ ఎత్తింది. కింద రెండు గోనె సంచులు. ఒకదాని మూతి వదులై రెండు కాయలు బయటికి జారి ఉన్నాయి. మూరెడు పొడుగు. నున్నని తోలు. అంగుళం తొడిమ.

“ఇవి ఎవలియి?”

“మన వెంకటయ్యవి.” ప్రమీలమ్మ మొగుడి పేరు ఎప్పటిలాగే తేలిగ్గా అన్నాడు. “అజీజ్‌నగర్ రిసార్టుల దించుత. పొయ్యే తొవ్వనే గదా.”

“ఎప్పటిసంది దించుతున్నవ్?”

జ్ఞానేశ్వర్ తాడు లాగి ముడి వేశాడు. వేసిన ముడి విప్పి మళ్లీ వేశాడు.

“వినాయకచవితి కాడికెల్లి.”

“జొన్నల నడుమ పెట్టిండ్రని నీకెరుకేనా?”

“చేన్ల పెట్టకపోతే ఆకాశంల పెడ్తరా?”

ఆమె ముఖం చూసి ఆయన నవ్వు సగంలో ఆగిపోయింది.

“నాకెందుకు చెప్పలే?”

“చెప్తె నువ్వు లొల్లి చేస్తవని ప్రమీలనే అన్నది. జర పండుగ దాటనియ్యి అన్నా, నేనే చెప్పుకుంట అన్నది. ఆడోళ్ల ముచ్చట, మీరు మీరు చూస్కుంటరు, నడుమ నేనెందుకని ఊకున్న.” తాడు చివర వేలికి చుట్టుకుంటూ గొంతు తగ్గించాడు. “అయినా ఏం మునిగిందే? కాయ చెడలే. గింజ చెడలే. గింజ మొఖం మీద తండ్రి పేరు రాసుంటదా? మొలిచి, కాసినంక గదా ఎరుకయ్యేది. అప్పటికి ఎవల ఎరువో, ఎవల వానో. నిన్నెవలు అడుగుతరు?”

“రోజు నా ఎదురుంగ కూసోని అన్నం తిన్నవ్,” అంది కృష్ణమ్మ.

 ఆయన సీట్లో కూర్చుని, కీ తిప్పి, దిగి, వెనక టార్పాలిన్ ఒకసారి అనవసరంగా సర్ది, మళ్లీ ఎక్కి వెళ్లిపోయాడు.

జారిన కాయ ఒకటి ఆటోలోంచి నేల మీద పడిపోయింది. కృష్ణమ్మ దాన్ని తీసుకుపోయి బర్రె ముందు వేసింది. బర్రె రెండుసార్లు నమిలి ముగించి ఇంకోటి ఉందేమోనని చూసింది. నమ్మకానికీ అమ్మకానికీ మధ్య ఉన్నది ఒక్క పొల్లు. అది ఎగిరిపోవడానికి పెద్ద గాలేమీ అక్కర్లేదు, ఆటోలో పోయేంత గాలి చాలు.

*

మధ్యాహ్నం దాటాక ప్రమీలమ్మ వచ్చింది. చెప్పులు పందిరి బయట విడిచి, ఎప్పటిలాగే చెంబులో నీళ్లు వంచుకు తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది.

“ఎంతవరకొచ్చిందక్కా? పలుకుతున్నయా?”

“పలుకుతున్నయ్.”

“ఆదివారం నాటికి గంపెడైతయా?”

కృష్ణమ్మ కాయ అందుకోవడానికి చేయి ఎత్తింది. గాజుల దగ్గర్నుంచి మోచేతి దాకా సన్నటి ఎర్రగీతలు.

“చేతులేంది గట్ల గీరుకపోయినయ్?”

“జొన్నాకు కోసింది.”

ప్రమీలమ్మ చెంబు కింద పెట్టింది. నీళ్లున్న చెంబును ఎంత మెల్లగా పెట్టొచ్చో అంత మెల్లగా పెట్టింది.

“చూసినవా?”

“చూసిన. మోకాలు మంచిగైనట్టున్నది.”

 డ్రిప్పు పైపు ఎక్కడో చిల్లుపడి నీళ్లు సుర్రుమంటున్నాయి. మామూలుగా అయితే ప్రమీలమ్మ లేచి దానికి పేలిక చుట్టేది.

“పెట్టింది ఆయన. నేను కాదు,” అంది చివరికి. “మొలిచినంక నాకు కానొచ్చింది. పీకుదమని పోయిన కూడ. అప్పటికే ఆయన రిసార్టు వంటాయనకు మాటిచ్చిండు. ఒక్క తీరు కాయ గావాల్నంట వాళ్లకు.”

“ఆయన మాట మాట. నాకిచ్చిన నీ మాట ఏంది? తౌడా?”

“నేనట్లన్ననా?”

“చెప్పరాదా ఆ పొద్దే? మొలకల మీదుండంగ చెప్తె నేను ఇంకో తొవ్వ చూస్కోకపోదునా?”

“చెప్తె మల్ల నన్ను ఈ పందిట్లకు రానిస్తుంటివా?”

కృష్ణమ్మ ఆలోచించింది. అబద్ధమాడటం ఆమెకు రాదు.

“రానియ్యకపోతుంటి.”

“గందుకే చెప్పలే.”

ఆ మాటలో ఎక్కడా దబాయింపు లేదు. అదే కృష్ణమ్మకు ఎక్కువ గుచ్చుకుంది. దబాయిస్తే తిరిగి దబాయించవచ్చు. తిట్టుకునేవాళ్లకు ఒక తీరు బలం ఉంటుంది. ఇక్కడ తిట్టడానికి కూడా పట్టు దొరకడం లేదు.

ప్రమీలమ్మ లేచి గెట్టు పక్కన ఉన్న చివరి సాలు దగ్గరికి నడిచింది. అక్కడ కాయలకు ఎర్ర పేలికలు లేవు. తెల్లదారాలున్నాయి.

“ఇవి చూడక్కా. పూతకొచ్చినప్పుడు నేను సంచులు కుట్టుకొచ్చిన, యాదికున్నదా? ఆయన పాత పంచె చింపి. అన్ని సాళ్లకు తొడుగుదమన్న. నువ్వు నవ్వినవ్.”

యాదికి ఉంది. ఎందుకు లేదు? విత్తనం శుద్ధంగా ఉండాలంటే రెండే దారులు. చుట్టూ వేరే బీర లేకుండా చూసుకోవడం ఒకటి. లేదా పిందెపువ్వు విచ్చుకోకముందే దానికి గుడ్డసంచి తొడిగి, సాయంత్రం సంచి తీసి, ఆ తీగవే పోతుపూలు తెచ్చి చేత్తో రుద్ది, మళ్లీ సంచి తొడిగి, పిందె పట్టాక దారం కట్టుకోవడం. నడుం విరిగే పని. ఆ రోజు సంచులు చూసి కృష్ణమ్మ పకపకా నవ్వి, ‘నువ్వు మాటిచ్చినంక సంచి ఎందుకే? నీ మాటనే నాకు సంచి’ అంది. ప్రమీల కూడా నవ్వినట్టే గుర్తు. తర్వాత ఊసుపోక అంటూ ఆ చివరి సాలు ఒక్కదానికీ తానే తొడుక్కుంది. వంగి వంగి ప్రతి సాయంత్రం రుద్దింది. ‘నీకేదో పిచ్చి పట్టిందే’ అని కృష్ణమ్మ ఎగతాళి చేస్తే, ‘పట్టనియ్యక్కా’ అంది.

“ఈ సాలన్న మిగలాలని తొడిగిన,” అంది ప్రమీలమ్మ. “ఒక్క పువ్వు ఇడవలే. అమ్మతోడు.”

“ఒట్టు పెట్టకు. నా కండ్ల ముంగటనే తొడిగినవ్, నేనే చూసిన.” కృష్ణమ్మ గొంతు ఇప్పుడు మామూలుగా ఉంది. “చెడుతదని నీకెరుక. గందుకే సంచి తొడిగినవ్. నువ్వున్నవని నాకు ధీమా. గందుకే నేను తొడగలే. చూసినవా, ఎవలి కాయ దక్కిందో?”

ప్రమీలమ్మ కళ్లు తుడుచుకుంది.

“తీగ నీది. నేల నీది. ఆదివారం అవి నీ కాయలే అని చెప్పక్కా. నేను నోరు తెరువ.”

సంఘంలో విత్తనం ఇచ్చేముందు, దాన్ని చేసిన చెయ్యి ఎవరిదో వాళ్లే నలుగురి ముందు ‘నాది పూచీ’ అనాలి. పూసిన పువ్వుకల్లా పూచీ పడటం అంటే ఆషామాషీ కాదు. ఎన్నో ఏళ్లుగా ఆ మాట అనేది కృష్ణమ్మే.

“నేను తొడగని సంచికి నేను పూచీ ఎట్లుంట?” అంది. “ఆదివారం నువ్వు రావాలె. తప్పదు. గా నడుమ ఈ దిక్కు రాకు.”

ప్రమీలమ్మ చెప్పులు వేసుకోవడం కూడా మరచి, చేతిలో పట్టుకుని గెట్టు దిగింది.

*

శనివారం పొద్దున్నే కృష్ణమ్మ కాయలు దించడం మొదలుపెట్టింది. ఎర్ర పేలిక ఉన్నవన్నీ. తీగను పట్టి గుంజకుండా, తొడిమ దగ్గర కొడవలి మొన పెట్టి, ఒక్కొక్కటే. పారేసే కాయను అంత జాగ్రత్తగా కోయాల్సిన పని లేదు. చేతికి ఆ సంగతి తెలియదు.

ఒకదాన్ని నేలకేసి కొట్టి పగలగొట్టింది. పీచు దులిపితే అరచేతిలోకి గింజలు రాలాయి. నల్లగా, గట్టిగా, మెరుస్తూ. తెల్లదారం కాయ ఒకటి తెచ్చి దాని మూతి విరిచి, గింజలు రెండో అరచేతిలో పోసుకుంది. ఎండకు తిప్పి చూసింది. గోటితో గీకింది. కొరికింది. ఏ తేడా లేదు. జ్ఞానేశ్వర్ చెప్పినది నిజమే, మొఖం మీద ఏమీ రాసి లేదు. ఈ మొదటి చేతిలోవి రేపు ఇచ్చేస్తే అందరూ కొంగు చాచి పట్టుకుపోతారు. వచ్చే ఏడు మొయినాబాద్ దాకా ప్రతి పందిరి మీదా ఏదో ఒక పొడుగు, ఏదో ఒక రుచి. పొట్టి బీర ఏదని అడిగితే చూపించడానికి ఎక్కడా ఒక్క తీగ ఉండదు. అది చచ్చిపోయిందని కూడా ఎవరికీ తెలియదు. చావు కబురు చెప్పేవాళ్లు లేని చావు.

ఆ చేతిలో గింజలను కాయల కుప్ప మీద పోసింది. రెండో చేతిలోవి కొంగున కట్టుకుంది.

జ్ఞానేశ్వర్ వచ్చి కాసేపు నిలబడ్డాడు. బంతి మార్కెట్‌కు ఇవాళ పోలేదు. ఎందుకు పోలేదో ఆమె అడగలేదు.

“కొన్నన్న ఉంచరాదా?” అన్నాడు. “మనం తినెటందుకు పెట్టుకుందం.”

“నా చేన్ల అవి మొలవొద్దు.”

“ఎరువు గుంతల ఎయ్యనా?”

“గుంతల మొలుస్తయ్.”

ఆయన తల గోక్కుని, కుప్పను గంపలోకి ఎత్తి నీళ్లపొయ్యి దగ్గరికి మోశాడు. చివరి సాలు వైపు చెయ్యి చాపబోతే కృష్ణమ్మ అడ్డం నిలబడింది.

“అవి ముట్టకు. నువ్వు అసలే ముట్టకు.”

పొయ్యిలో బీరపీచు భగ్గుమని అంటుకుంది. గింజలు చిటపటలాడాయి. ఆ చప్పుడు ఆగిపోయేదాకా ఆయన పొయ్యి ముందే గొంతుక్కూర్చున్నాడు.  ఇన్నేళ్ల సంసారంలో కృష్ణమ్మ ఆయన్ని ఇంతసేపు ఊరికే ఉండగా చూడటం అదే మొదలు. చూడబుద్ధి కాలేదు.

*

ఆదివారం చేవెళ్ల నుంచి రెండు ఆటోల్లో ఆడవాళ్లు దిగారు. సంఘం పనులు చూసే శిరీష ముందు దిగి, పందిరి వైపు చూసి నిలబడిపోయింది. సాళ్లకు సాళ్లు బోడిగా ఉన్నాయి. గెట్టు పక్కన ఒక్క సాలు మాత్రం ఎండుకాయలతో వేలాడుతోంది.

“ఏందక్కా గిది? దొంగలు పడ్డరా?”

“చెప్త. కూసోండ్రి.”

చాప పరిచారు. జ్ఞానేశ్వర్ చాయ తెచ్చి పెట్టి, ఎప్పటిలాగా ఎవరినీ ఆటపట్టించకుండా కొట్టం వైపు వెళ్లిపోయాడు. ప్రమీలమ్మ గెట్టు మీదుగా వచ్చి చాప అంచున కూర్చుంది. ఉతికిన చీర కట్టుకుంది. ఎవరి వైపూ చూడలేదు.

“ఈ యేడు నా దగ్గర ఇత్తనం లేదు,” అంది కృష్ణమ్మ. “నేను సంచులు తొడగలే. నిర్లక్ష్యం చేసిన. ఏ ఈగ యాడ వాలొచ్చిందో దానికి పూచీ పడలేను. నమ్మబుద్ధి కాని కాయ మీకియ్యలేను, కాలవెట్టిన.”

ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మొయినాబాద్ దిక్కు నుంచి వచ్చిన ముసలావిడ చాయ గ్లాసు దించింది. “అయ్యో. మల్ల కృష్ణమ్మ బీర లేకుంట పోయినట్టేనా?”

“ఆ సాలు ఉన్నది. అది ప్రమీల చేసింది. నా తీగలే గాని చెయ్యి ఆమెది. ఏం అడిగినా ఆమెనే అడుగుండ్రి.”

అందరి తలలూ చాప అంచుకు తిరిగాయి. శిరీష అక్కడికి జరిగి కూర్చుంది.

“సంచి తొడిగినవా అక్కా?”

“ప్రతి పువ్వుకు,” అంది ప్రమీలమ్మ. “విప్పింది నేనే, రుద్దింది నేనే, కట్టింది నేనే.”

“సుట్టుపక్కల వేరే బీర ఏమన్న ఉన్నదా?”

ఇది ఎప్పుడూ అడిగే మాటే. ఎప్పుడూ ఒకే జవాబు వచ్చే మాటే. సంచి తొడిగిన కాయకు పక్కన బీర ఉంటే ఉండొచ్చు, ఉందని చెబితే చాలు. దాచిపెడితే మాత్రం ఆ చేతి విత్తనం సంఘం ముట్టదు. దాచినోళ్ల ఇత్తనం దాచుకోవద్దని ముసలావిడ ప్రతి ఏడూ కొత్తవాళ్లకు చెప్పేది.

ఉన్నది అని ఒక్క మాట అంటే సరిపోతుంది. కృష్ణమ్మ ఆ మాట కోసమే చూస్తోంది. నిన్నంతా ఆ మాట కోసమే చూసిందని ఆమెకు అప్పుడే తెలిసింది. ప్రమీల ఆ మాటంటే, ఎందుకు చెప్పలేదో కూడా అంటే, పక్కన కూర్చున్న నలుగురూ నాలుగు చీవాట్లు పెడితే, చాప ఎత్తేలోగా తాను ఎట్లాగోట్లా ఆమెను మళ్లీ పందిట్లోకి పిలిచేసేది...

ప్రమీలమ్మ తల ఎత్తి జొన్న వైపు చూసింది. అక్కణ్ణుంచి కృష్ణమ్మ వైపు చూసింది. ఆ చూపులో బతిమాలడం ఉంది. ధైర్యం కూడా ఉంది. కృష్ణమ్మ నోరు విప్పదని ఆమెకు తెలుసు. నోరు విప్పితే ఈ సాలు కూడా పొయ్యిలోకే.

“లేదు,” అంది ప్రమీలమ్మ. “నాది పూచీ.”

కృష్ణమ్మ చాయ గ్లాసు అందుకుంది. చల్లారిపోయింది. అయినా తాగింది.

కాయలు దించారు. ఒక్కొక్కటే చెవి దగ్గర ఊపి, మూతి విరిచి, చాటలో దులిపారు. నల్లని గింజలు చాట నిండా చప్పుడు చేస్తూ పడ్డాయి. శిరీష వాటిని చేత్తో కలిపి చూసి, తాలు ఊది, “మంచిగున్నయ్. మొలకెత్తించి చూసినంక మిగతా ఊర్లకు పంపుదం,” అంది. “ఏమని రాసుకోవాలె? కృష్ణమ్మ బీర అంటే ఇగ కుదరదేమో.”

“చేసినామె పేరే రాయండ్రి,” అంది కృష్ణమ్మ.

“ప్రమీలమ్మ బీర,” అని ముసలావిడ నాలుక మీద వేసుకుని చూసి, “మంచిగనే ఉన్నది,” అంది.

విత్తనం చేసినామె చాట పట్టుకుని నిలబడుతుంది. తీసుకునేవాళ్లు ఒక్కొక్కరే ఎదుట నిలబడి కొంగు చాపుతారు. ఆమె గుప్పెడు పోస్తుంది. ‘వచ్చే యేడు రెండింతలు తెచ్చిస్త’ అంటారు వీళ్లు. ‘సల్లగ పండని’ అంటుంది ఆమె. డబ్బు మాటే ఉండదు. ప్రమీలమ్మకు చాట పట్టుకోవడం కొత్త. మొదటిసారి గింజలు కొన్ని నేల మీద ఒలికాయి. ఆడవాళ్లు నవ్వి ఏరి ఇచ్చారు. రెండోసారికి చెయ్యి కుదిరింది. మూడోసారికి గొంతు కూడా కుదిరింది. సల్లగ పండని. సల్లగ పండని.

వరస అయిపోయింది. ఆటోల దగ్గరికి నడవబోతున్న ఆడవాళ్లు వెనక్కి తిరిగి చూసి ఆగారు.

కృష్ణమ్మ చాట ఎదుట నిలబడి ఉంది. కొంగు విప్పి, రెండు చేతులతో అంచులు పట్టుకుని చాపింది.

ప్రమీలమ్మ గుప్పెడు పోసింది. మళ్లీ చాటలో చెయ్యి పెట్టి ఇంకో గుప్పెడు పోసింది. మూడో గుప్పెడు కోసం చెయ్యి పోతుంటే కృష్ణమ్మ ఆపింది. కొంగులోంచి ఒక గుప్పెడు తీసి చాటలో తిరిగి పోసింది.

“అందరికెంతనో నాకు గంతే.”

“అక్కా...”

“వచ్చే యేడు రెండింతలు తెచ్చిస్త,” అంది కృష్ణమ్మ.

ప్రమీలమ్మ చాటలో మిగిలిన గింజలను వేళ్లతో ఓ పక్కకు నెట్టింది.  ఆటో డ్రైవరు హారన్ కొట్టాడు. “అనవే ప్రమీలా, ఏమైంది నీకు? అందరికన్నవ్ గదా,” అంటూ ముసలావిడ మోచేత్తో పొడిచింది.

కృష్ణమ్మ కొంగు అట్లాగే చాపి నిలబడింది. ఎండ ఎదురుగా పడుతున్నా కళ్లు దించలేదు. ఆమెకు తొందరేమీ లేదు. ప్రమీల ఆ మాట అనేదాకా అక్కణ్ణుంచి కదిలేది లేదు.